తొమ్మిదిమందికీ నూటికి నూరు

మా మేనకోడలు కుసుమకి వచ్చిన కష్టం ఏంటంటే, అది తయారుచేసిన పాఠంలో తొమ్మిదిమందికి తొమ్మిదిమందీ నూటికి నూరు తెచ్చుకున్నారు. తెచ్చుకున్న ఇరవై రోజులకి ఆ తొమ్మిదిమందిలో ఒకడికి కుడిచెయ్యి పోయింది.

మార్కులు తక్కువొస్తే ఏడ్చేవాళ్ళని చూశాను. నూరొచ్చినందుకు ఏడ్చినదాన్ని దీన్నే చూశాను.

మొదట్నుంచీ చెప్తా. కుసుమ మా అక్క కూతురు. ప్రైవేటు స్కూల్లో ఆరేళ్ళు సైన్సు చెప్పి, ఇంకా పెద్ద చదువు చదువుతానంది. ఆ చదువు పేరుకి నాకు నోరు తిరగడానికే నెల పట్టింది. ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్. అంటే పాఠం చెప్పడం కాదంట, పాఠం కట్టడమంట. మనుషులు ఫోన్లోనో కంప్యూటర్లోనో వాళ్ళంతట వాళ్ళే నేర్చుకునేటట్టు పాఠాన్ని అమర్చడం. ఎమ్మేతో సమానం. కాలేజీకి వెళ్ళే పని లేదు, అంతా ఆన్‌లైన్లోనే. మా మేడమీద గదిలో సిగ్నల్ బాగా అందుతుందని అక్కడే కూర్చుని చదివేది. ఆదివారం పొద్దున్నే తెరమీద ఇరవైనాలుగు గళ్ళు, గడికో మొహం, పైగడిలో ప్రొఫెసరమ్మ.

నాకు భలే సంబరంగా ఉండేది. తొమ్మిదో తరగతి తప్పి పంచర్ల షాపు పెట్టుకున్నవాడి మేడమీద ఎమ్మే నడుస్తోంది మరి. టీ పట్టుకెళ్ళే వంకన తలుపు దగ్గర నిలబడి వినేవాణ్ణి. ఒకసారి ప్రొఫెసరమ్మ అంటోంది, "పాఠం అయ్యాక వాళ్ళకి ఏం తెలుస్తుందో నాకు రాయకండి. ఏం చెయ్యగలరో రాయండి. 'తెలుసుకుంటారు' అని ఎవరు రాసినా మార్కులు తీసేస్తాను."

ఎంత మంచిమాట. ఆ రోజు షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పాను. ఒకాయన ఓపిగ్గా విని, "మరి నా ట్యూబు మార్చగలవా పూర్ణయ్యా, లేకపోతే ఇంకా తెలుసుకుంటూ ఉన్నావా?" అన్నాడు.

ఆఖరి ఏడాదిలో నిజం మనుషుల కోసం నిజం పాఠం ఒకటి కట్టి చూపించాలి. దాన్నిబట్టే డిగ్రీ. కుసుమ కరెంటు స్తంభాలెక్కే కాంట్రాక్టు కుర్రాళ్ళని ఎంచుకుంది. మాది సముద్రం పక్క ఊరు. ఉప్పుగాలికి స్తంభం మీద ఇనుమన్నది నిలవదు. ఎప్పుడూ ఎవడో ఒకడు పైన ఉంటాడు. ఏటా ఎవడో ఒకడు పైనుంచి నడవకుండా దిగుతాడు.

"చదివితే మనిషి బతకాలి మావయ్యా, అలాంటి పాఠం కడతా," అంది.

ఆ పని తెలిసిన మనిషి కావాలి గదా. అందుకని దేవసహాయం మాస్టారి దగ్గరికి వెళ్ళింది. ఆయన ఏ బడిలోనూ మాస్టారు కాదు. ముప్ఫై నాలుగేళ్ళు లైన్ల మీద పనిచేసి, అందులో పంతొమ్మిదేళ్ళు కొత్తవాళ్ళకి స్తంభం ఎక్కడం నేర్పినాయన. ఈ చుట్టుపక్కల లైన్‌మన్లందరికీ ఆయన మాస్టారే. మాటలు తక్కువ. మనం పది మాటలంటే ఆయన ఒక "ఊఁ" అంటాడు. నాకూ ఆయనకీ స్నేహం ఎలా కుదిరిందని మా ఆవిడ ఇప్పటికీ ఆశ్చర్యపోతుంది.

ఎనిమిది నెలలు ఆయన పెరట్లో కూర్చుంది కుసుమ. రబ్బరు గ్లౌజు వేసుకునే ముందు దాని మూతి చుట్టచుట్టి, లోపల గాలి బిగించి, చెంప దగ్గర పెట్టుకుని చూడాలట. ఎక్కడన్నా సూదిమొనంత బెజ్జముంటే చెంపకి గాలి తగుల్తుంది. అది నేర్చుకుంది. ఎల్‌సీ అంటే ఏంటో నేర్చుకుంది. ఎక్కేముందు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి, ఫలానా లైన్లో కరెంటు తియ్యండని చెప్పి, తీశామని వాళ్ళ చేత చెప్పించుకోవడం. ఆ తర్వాత కూడా వట్టి మాట మీద తీగని ముట్టుకోకూడదు. కరెంటు ఉందో లేదో పరీక్ష చేసి, పన్నెండడుగుల రాడ్డుకున్న కేబులు ముందు భూమికి కలిపి, తర్వాత రాడ్డు తీగకి తగిలించి, అప్పుడు చెయ్యి వెయ్యాలి. మాస్టారు దానిచేత ఆ రాడ్డు భుజాలు లాగేదాకా ఎత్తించాడు.

అదంతా ఇరవైరెండు తెరల పాఠంగా కట్టింది. బొమ్మలు దానివే, గొంతూ దానిదే. పదకొండో తెర మొత్తం ఎరుపు. "కరెంటు తీశామని ఎవరు చెప్పినా సరే, నువ్వు పరీక్ష చేసి రాడ్డు తగిలించేదాకా తీగని ముట్టుకోకు." చివర్లో ఇరవై ప్రశ్నలు. నేనూ చదివాను. నాక్కూడా నూరొచ్చాయి. ఊరికే రాలేదు, నిజంగానే బుర్రకెక్కింది. ఇప్పుడు అడిగినా పదకొండో తెర అక్షరం పోకుండా అప్పజెప్తాను.

మా ఊరి కరెంటు సెక్షన్లో పెద్దా చిన్నా కలిసి తొమ్మిదిమంది ఆ పాఠం చదివారు. తొమ్మిదిమందికీ నూరే. ప్రొఫెసరమ్మ మిగతా గళ్ళందరికీ చూపించి మెచ్చుకుంది. కరెంటు ఆఫీసువాళ్ళు, ఇదేదో బాగుంది, పదకొండు వందలమంది ఫోన్లకీ పంపిస్తామన్నారు. డిగ్రీకి ఒప్పజెప్పాక వచ్చే సోమవారమే అందరికీ వెళ్ళిపోయేటట్టు మాట అయింది.

ఆ కబురు చెప్పడానికి ఇద్దరం మాస్టారింటికి వెళ్ళాం. ఆయన చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాడు.

"తొమ్మిదిమందికీ నూటికి నూరు మాస్టారూ," అంది కుసుమ.

"ఊఁ," అన్నాడు. ఇంకో కాయ తీసుకున్నాడు.

తర్వాత జరిగింది ఇదీ. చర్చి వెనక వీధిలో ఒక స్తంభం ఉంది. దానిమీద రెండు వేరువేరు లైన్ల తీగలు వెళ్తాయి. ఒకదాన్లో కరెంటు తీసినా రెండోదాన్లో ఉంటుంది. కోటయ్య అని పెద్ద లైన్‌మన్, ముప్ఫయ్యేళ్ళ సర్వీసు, సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఎల్‌సీ తీసుకున్నాడు. ఆ పూట మనసెక్కడుందో, తీసుకున్నది ఒక లైనుకి, పని రెండోదాని మీద. పక్కన వీరాంజి ఉన్నాడు. ఇరవయ్యారేళ్ళ కుర్రాడు.

"తీశార్రా, ఎక్కు," అన్నాడు కోటయ్య.

వీరాంజి ఎక్కాడు. రాడ్డు కింద జీపులోనే ఉండిపోయింది.

కాలిన మనిషిని భుజాన వేసుకుని దింపింది కోటయ్యే. దింపి ఇంటికెళ్ళి తలుపేసుకున్నాడు. మళ్ళీ తియ్యలేదు.

తొమ్మిదిమందిలో వీరాంజి ఒకడు. కోటయ్య ఇంకొకడు.

పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్ళాను దాన్ని. వీరాంజికి మోచేతి పైదాకా తీసేశారు. వాళ్ళమ్మ లేచి స్టూలు మాకిచ్చి తను గోడవార నిలబడింది. కుసుమ కూర్చోలేదు.

"ఎందుకు చూసుకోలేదు వీరాంజీ?" అనడిగింది.

"కోటయ్య బాబాయ్ చెప్పాడక్కా."

"మరి పాఠంలో..."

"పదకొండోది గదక్కా," అన్నాడు. అని, కళ్ళు మూసుకుని మొత్తం అప్పజెప్పాడు. ఎవరు చెప్పినా సరే అనే ముక్కతో సహా. "నీ పాఠం బాగుందక్కా. నాకు నూరొచ్చినయ్."

దాన్ని ఓదార్చడానికే అన్నాడు వాడు. అంతకంటే గట్టిగా ఎవరూ కొట్టలేరు.

ఇంటికొచ్చాక పాఠం ముందేసుకుని కూర్చుంది. ఇరవైరెండు తెరలు నలభయ్యొకటి చేసింది. అక్షరాలు పెద్దవి చేసింది. పదకొండో తెర రాగానే సైరన్ మోగేటట్టు పెట్టింది. కాలిన గ్లౌజు ఫొటో పెట్టింది. ఇరవై ప్రశ్నలు అరవై చేసింది. మూడోరోజు అవన్నీ తీసేసింది.

"ఏం పెట్టినా వాడికి నూరే వస్తాయి మావయ్యా," అంది.

ప్రొఫెసరమ్మతో మాట్లాడుతుంటే నేను గుమ్మంలోనే ఉన్నాను. ఆవిడ మంచిదే, గొంతు ఎంతో మెత్తగా ఉంది. "కుసుమా, పాఠంలో లోపముంటే మార్కుల్లో కనపడాలి. ఎక్కడా కనపడట్లేదు. నీ పాఠం పనిచేసింది. జరిగింది వేరే."

"అవును మేడం. పనిచేసింది," అని కంప్యూటరు మూత మూసేసింది.

నాకు మాట్లాడ్డం అలవాటు. నోరు మూసుకుంటే తలనొప్పి వచ్చే మనిషిని. ఆ పదిరోజులూ మా ఇంట్లో నా మాట నాకే ఎబ్బెట్టుగా వినపడేది. అది అన్నం కలుపుకుని ప్లేటు చూస్తూ కూర్చునేది. చల్లారిపోయాక లేచి కడిగేసేది. కుడిచేత్తో ఏం చేస్తున్నా మధ్యలో ఆగి, ఆ చేతివంక చూసుకునేది. నేను చూడనట్టు నటించేవాణ్ణి. మా అక్క ఫోన్ చేసి ఎలా ఉందని అడిగితే, చదువుకుంటోంది అని చెప్పేవాణ్ణి.

శనివారం సాయంత్రం అయిదింటికి పాఠం ఒప్పజెప్పాలి. ఒప్పజెప్తే సోమవారం పదకొండు వందలమందికీ అదే పాఠం. ఒప్పజెప్పకపోతే ఈ ఏటికి డిగ్రీ లేనట్టే. పొద్దున్నే కిందికి దిగొచ్చి ఫోన్ నా చేతికిచ్చింది. మెయిలు రాసి ఉంది. చదువు మానేస్తున్నాననీ, తన పాఠాన్ని ఎక్కడా వాడవద్దనీ. ఇంకా పంపలేదు.

"మాస్టారి దగ్గర నేర్చుకున్నాను గదా. ఆయనకి ఒక మాట చెప్పి పంపిస్తా. దింపుతావా?"

దారిపొడవునా నేను ఒక్క మాట మాట్లాడలేదు. నా స్కూటరుకే అనుమానం వచ్చుంటుంది.

మాస్టారు పెరట్లో మోటారు దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. స్టార్టరు పెట్టె మూత తీసి ఉంది. లోపల్నించి ఒక తీగ ఊడి బయటికి వేలాడుతోంది, కొస రాగి బయటపడి ఉంది.

కుసుమ వెళ్ళి ఆయన పక్కన నిలబడింది. "మీకొక మాట చెప్పాలని వచ్చాను మాస్టారూ."

"చెప్దువుగాని. ముందు ఇది కాస్త బిగించు తల్లీ. నా చెయ్యి వణుకుతుంది, స్క్రూ పట్టట్లేదు." స్క్రూడ్రైవరు దాని చేతిలో పెట్టాడు. "మెయిన్ తీసేశాలే."

అది కూర్చుంది. కుడిచేత్తో స్క్రూడ్రైవరు పట్టుకుని, ఎడంచెయ్యి ఆ తీగ మీదికి పోనిచ్చింది.

ఇంకో బెత్తెడు ఉందనగా మాస్టారు దాని మణికట్టు పట్టుకున్నాడు. వణికే చెయ్యి కాదది.

పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచి, రెండో చేత్తో చొక్కాజేబులోంచి టెస్టరు తీసి దానికిచ్చాడు. కుసుమ టెస్టరు తీగకి ఆనించింది.

టెస్టరులో లైటు ఎర్రగా వెలిగింది.

అప్పుడు తలెత్తి చూశాను. ఎదురుగా తలుపు తీసే ఉంది. వసారాలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. మేం వచ్చినప్పట్నించీ తిరుగుతూనే ఉంది. దాని కిందనుంచే లోపలికొచ్చాం ఇద్దరం.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏం పని మాస్టారూ ఇది? పిల్లకేమన్నా అయితే?"

"నా చెయ్యి ముందే అక్కడుంది పూర్ణయ్యా," అన్నాడు నావంక చూడకుండా. "స్తంభం మీద ఎవడి చెయ్యి ఉంటది?"

కుసుమ ఇంకా ఆ ఎర్ర లైటు వంకే చూస్తోంది.

"తీశానన్నారు," అంది.

"అన్నా."

"మీరు చెప్పారని..."

అక్కడ ఆగిపోయింది. ఆ మాట ఎక్కడ విన్నదో దానికి గుర్తొచ్చినట్టుంది. నాకూ గుర్తొచ్చింది. గోడవార నిలబడ్డ ఆ తల్లి కూడా కళ్ళ ముందు కనపడింది.

మాస్టారు దాని మణికట్టు వదిలి లోపలికి వెళ్ళాడు. ఫ్యాను ఆగింది. మళ్ళీ వచ్చి ముందుకన్నా దూరంగా, నిటారుగా నిలబడ్డాడు, లైన్ల మీద పెద్దలు నిలబడినట్టు.

"ఇప్పుడు తీశా. బిగించు."

కుసుమ ఒళ్ళు కొంచెం పక్కకి తిప్పుకుని, ఆయనకి కనపడకుండా టెస్టరు ఆనించబోయింది.

"ఏంటి దాస్తున్నావ్?"

"ఏం లేదు మాస్టారూ."

"టెస్టరు వేలెడుంది గాబట్టి దాగిద్ది. రాడ్డు పన్నెండడుగులు. ఎక్కడ దాస్తావ్?"

అది లేచి నిలబడింది.

"నా మొహం చూసి చెప్పు," అన్నాడు.

"ఏమని?"

"ఉత్త నా మాట మీద తీగ ముట్టుకోనని."

నేను చెప్తే నమ్ముతారో లేదో. ఇరవైనాలుగు గళ్ళ ముందు గడగడా మాట్లాడే పిల్ల, ఆరేళ్ళు నలభైమంది పిల్లల్ని అదుపులో పెట్టిన పిల్ల, దానికి ఆ చిన్న ముక్క నోట్లోంచి రాలేదు.

"మీకేం ఇబ్బంది లేకపోతే ఒకసారి..." అంది.

"పోయావ్," అన్నాడు మాస్టారు.

"మీరు తీసే ఉంటారు మాస్టారూ, కాకపోతే..."

"పోయావ్."

"ఊరికే, అలవాటు కోసం..."

"పోయావ్. దిగు. మళ్ళీ ఎక్కు."

నాలుగోసారికి దానికి నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. అయిదోసారికి ఏడుపొచ్చింది. ఆయన అలాగే నిలబడ్డాడు. ఎండ ఆయన నెత్తిమీదే ఉంది. నేను పక్కనుంచి మాట అందించబోతే నావైపు ఒక వేలెత్తాడు. నేను వెళ్ళి గోడవారన కూర్చున్నాను.

ఎన్నోసారో లెక్కపెట్టలేదు. చివరికి అది ముక్కు చీదుకుని, కొంగుతో మొహం తుడుచుకుని, ఆయన కళ్ళలోకి చూసింది.

"మీరు చెప్పినా సరే మాస్టారూ. నేను చూసుకునేదాకా ముట్టుకోను."

ఆయన మొహంలో ఏదో మెదిలింది. రెప్పపాటు. కోపమే. నేను స్పష్టంగా చూశాను. తర్వాత పోయింది. ఆయన రెండు చేతులూ ఎత్తి తన చెంపలు తడుముకున్నాడు, అక్కడేమన్నా మిగిలిందా అన్నట్టు.

"చూశావా," అన్నాడు మెల్లిగా. "చెప్పమన్నవాణ్ణి నేనే. అయినా నాకొచ్చింది."

కుసుమ ఆయన ఎదురుగానే టెస్టరు పెట్టి చూసింది. వెలగలేదు. తీగ పెట్టి స్క్రూ బిగించింది. ఆయన లోపలికెళ్ళి మెయిన్ వేసొచ్చాక మోటారు తిరిగింది.

ముగ్గురం అరుగు మీద కూర్చున్నాం. ఆయన మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. అది ఒక్క గుటక తాగి గ్లాసు పక్కన పెట్టింది.

"ఇది ఫోన్లో ఎలా పెట్టను మాస్టారూ? అందులో మొహం ఉండదు."

"అది నీ చదువు. నాకేం తెలుసు."

"నా వల్ల కాదు." ఫోన్ తీసి మెయిలు చూపించబోయి, ఆయనకి అక్షరాలు ఆనవని గుర్తొచ్చి ఒళ్ళో పెట్టుకుంది. "మానేస్తున్నానని చెప్పడానికే వచ్చాను. నేను నేర్పానని నమ్మి వాడు ఎక్కాడు. నూరొచ్చిందని ఇంకా సంతోషపడుతున్నాడు వాడు. మళ్ళీ ఇంకొకళ్ళకి ఏ మొహం పెట్టుకుని నేర్పను?"

మాస్టారు "ఊఁ" అనలేదు. అదే నాకు వింతగా తోచింది.

కుసుమే మళ్ళీ అడిగింది. "మీరు నేర్పినవాళ్ళలో ఎవరూ పోలేదా మాస్టారూ?"

"ముగ్గురు పోయారు."

"మానెయ్యాలనిపించలేదా?"

"మానేశా," అన్నాడు.

నాకు తెలీదు ఆ సంగతి. ఇరవయ్యేళ్ళ స్నేహం మాది.

"మూడోవాడు పోయాక మానేశా. ఇంక నా వల్ల కాదని రాసిచ్చి ఇంట్లో కూర్చున్నా. పది నెలలు." ఆయన అరుగు మీద రాలిన వేపాకు ఒకటి తీసి కింద వేశాడు. "ఆ పది నెలల్లో నాలుగోవాడు పోయాడు. కొత్తగా చేరినోడంట. వాడి మొహం గూడా నేను చూడలేదు."

అంతే చెప్పాడు. లేచి మోటారు కట్టెయ్యడానికి వెళ్ళిపోయాడు.

మేం బయటికొచ్చాం. సందు చివర స్కూటరు ఆపమంది. దిగి, గోడ నీడన నిలబడి, ప్రొఫెసరమ్మకి ఫోన్ చేసింది.

"పాఠం వెనక్కి తీసుకుంటున్నాను మేడం. సోమవారం పంపొద్దని కరెంటు ఆఫీసువాళ్ళకి కూడా చెప్తున్నాను." అవతల ఏదో అడిగింది ఆవిడ. "లేదు మేడం. పాఠం ఒక్కటే. నేను కాదు." ఇంకేదో అడిగింది. "ఏడాది పోతే పోనివ్వండి మేడం, మళ్ళీ కడతాను."

ఫోన్ పెట్టేసి వచ్చి వెనక కూర్చుంది. నేను స్కూటరు ఇంటివైపు తిప్పాను.

"కోటయ్య ఇల్లు తెలుసా మావయ్యా? ఎక్కమనే పెద్దవాళ్ళకీ పాఠం కావాలి."

"తెలుసు. కానీ ఆయన ఎవరికీ తలుపు తియ్యట్లేదమ్మా. సొంత అన్నదమ్ములొచ్చినా తియ్యలేదు."

"గుమ్మంలో కూర్చుంటాను," అంది.